ఎకోలో 35 శాతం, సదరంలో సున్నా

పాఠకుల ప్రశ్నలు – వైద్యుని సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే విషయం గురించి కావడంతో, షుగరు, థైరాయిడ్ ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి వీటికే చోటు ఇస్తున్నాను. గుండె జబ్బో రక్తనాళాల జబ్బో వచ్చి పని చేయలేకపోతున్నవారికి దివ్యాంగుల సర్టిఫికెట్టు, పింఛను వస్తాయా అన్నదే ఆ విషయం. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వైకల్య శాతాన్ని పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చే సదరం శిబిరాల్లో ఫిజీషియన్‌గా కూర్చున్నవాణ్ణి కాబట్టి, బల్లకు అవతలి వైపు నుంచి చూసినది కూడా కొంత చెప్పగలను. రాసినవారి పేర్లు తీసివేసి మండలం మాత్రమే ఉంచాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా ఇంటాయనకు 52 ఏళ్లు. చిన్నప్పటి నుంచి సముద్రం మీద వేటకు పోయే మనిషి. పోయిన ఏడాది గుండెపోటు వస్తే ఒంగోలుకు తీసుకుపోయి, ఆరోగ్యశ్రీ మీద స్టెంటు వేయించాము. ఇప్పుడు వల లాగలేడు, బిందెడు నీళ్లు మోసినా ఆయాసపడతాడు. ఎకో కాగితంలో 35 శాతం అని రాశారు. 40 శాతం ఉంటేనే వికలాంగుల పింఛను వస్తుందని సచివాలయంలో చెప్పారు. 5 శాతమే కదా తక్కువ, ఇంకోసారి ఎకో తీయిస్తే 40 వస్తుందా? మా ఊళ్లో ఒకతను 15 వేలు ఇస్తే కాలు బాగాలేదని రాయించి 45 శాతం వేయిస్తానంటున్నాడు. ఇవ్వమంటారా? – ఒక సోదరి, ఉలవపాడు మండలం

సమాధానం: అమ్మా, ముందుగా ఆ 15 వేలు ఎవరికీ ఇవ్వకండి. కారణం తర్వాత చెబుతాను. మీరు అడిగిన శాతాల సంగతి అంతకంటే ముఖ్యమైనది, ఎందుకంటే ఇదే పొరపాటు చదువుకున్నవారి ఉత్తరాల్లో కూడా కనిపించింది.

ఎకో, అంటే గుండె స్కానింగు, కాగితంలో ఉన్న 35 శాతానికీ, పింఛనుకు కావలసిన 40 శాతానికీ ఏ సంబంధమూ లేదు. గుండె ఎడమవైపు కింది గది రక్తంతో నిండిన తర్వాత, ఒక్కసారి కొట్టుకున్నప్పుడు అందులో ఎంత భాగాన్ని బయటికి నెట్టగలుగుతోందో ఎకోలో రాస్తారు. దీన్నే మనవాళ్లు పంపింగ్ అంటారు. ఆరోగ్యంగా ఉన్న గుండెలో కూడా అది 100 ఉండదు, సుమారు 55 నుంచి 70 మధ్య ఉంటుంది. మీ ఆయన గుండె 35 శాతం నెడుతోందంటే కండరం బలహీనపడిందని అర్థం. మళ్లీ ఎకో తీసినప్పుడు 40 వస్తే, మందులు పని చేసి గుండె కొంత కోలుకుందని సంతోషించవలసిందే తప్ప, అది పింఛనుకు అర్హత కాదు. సదరంలో రాసే శాతం శరీరంలో ఎంత వైకల్యం ఉందో చెప్పేది, ఎకోలో రాసే శాతం గుండెకు ఎంత శక్తి మిగిలి ఉందో చెప్పేది. ఒకటి పెరిగితే కష్టం, రెండోది పెరిగితే సుఖం.

ఇక అసలు చిక్కు ఏమిటంటే, గుండె ఎంత బలహీనపడినా దానికి మాత్రమే సదరం సర్టిఫికెట్టు ఇచ్చే వీలు ఇప్పుడు లేదు. 2016లో పార్లమెంటు చేసి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను పేర్కొన్నది. కాళ్లు చేతుల లోపం, చూపు, వినికిడి, మాట, మానసిక వ్యాధులు, పార్కిన్సన్ వంటి నరాల జబ్బులు, యాసిడ్ దాడి బాధితులు ఇలా సాగే ఆ జాబితాలో రక్తానికి సంబంధించి తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి ఉన్నాయి గానీ, ఆ రక్తాన్ని నడిపించే గుండె జబ్బు లేదు. విచిత్రం ఏమిటంటే, పాత చట్టం కింద 2001లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో గుండె, ఊపిరితిత్తుల జబ్బులకు ఒక భాగం ఉండేది. మామూలు పనికి ఆయాసం వస్తోందా, చిన్న పనికే వస్తోందా, కూర్చున్నా వస్తోందా అని చూసి, పనికి ఎంత అడ్డు పడుతోందో శాతాల్లో లెక్క వేసేవారు. కొత్త చట్టం కింద 2018లో వచ్చిన మార్గదర్శకాల్లో ఆ భాగం లేదు. దాన్ని తీసివేయకుండా ఉండవలసిందని నా అభిప్రాయం.

ఒక ఏరియా ఆసుపత్రిలో శిబిరం మేడ మీద జరిగేది. ఒకరోజు ఒక పెద్దమనిషి మెట్ల మీద మూడుచోట్ల ఆగి, చివరి మెట్టు మీద కూలబడి, పావుగంటకు గానీ మాట్లాడలేకపోయాడు. లోపలికి వచ్చాక ఎముకల డాక్టరు చేతులు పైకెత్తమంటే ఎత్తాడు, మోకాళ్లు వంచమంటే వంచాడు, పిడికిలి బిగించమంటే గట్టిగా బిగించాడు. ఫారంలో రాయడానికి ఏమీ లేదు. మెట్ల మీద జరిగినదాన్ని రాసే గడి ఆ కాగితంలో ఎక్కడా లేదు. మీ ఆయన వెళ్లినా జరిగేది ఇదే. రెండు నెలలు స్లాటు కోసం తిరిగి, ఒకరోజు కూలి పోగొట్టుకొని, సున్నా రాయించుకొని రావడం ఎందుకని చెబుతున్నాను.

కాలు బాగాలేదని రాయిస్తానన్న మనిషి మాట కూడా ఇక్కడే తేల్చుకుందాం. లేని వైకల్యాన్ని చూపించి దివ్యాంగుల ప్రయోజనం పొందితే, అదే చట్టం ప్రకారం 2 సంవత్సరాల వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆ శిక్ష పడేది సర్టిఫికెట్టు ఎవరి పేరు మీద ఉందో వారికి. మధ్యవర్తి ఊళ్లోనే హాయిగా తిరుగుతాడు. 2025లో రాష్ట్ర ప్రభుత్వం దివ్యాంగుల పింఛనుదారులను మళ్లీ పరీక్షలకు పిలిపించిన సంగతి మీకు తెలిసే ఉంటుంది.

అయితే మీ ఉత్తరంలో మీరు గమనించని మాట ఒకటి ఉంది. మీ ఆయనకు 52 ఏళ్లు, వేట ఆయన వృత్తి. మామూలుగా వృద్ధాప్య పింఛనుకు 60 ఏళ్లు నిండాలి గానీ, మత్స్యకారులకు, చేనేత, గీత కార్మికులకు 50 ఏళ్లు నిండితే చాలు. గిరిజనులకు వృద్ధాప్య పింఛను వయసు కూడా 50 ఏళ్లే కాబట్టి, మన జిల్లాల్లోని యానాది సోదరులు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి. రాష్ట్ర పింఛను పథకమైన ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి మత్స్యకారుల పింఛను నెలకు 4,000 రూపాయలు. మీరు అనుకొన్న దివ్యాంగుల పింఛను 6,000 కంటే ఇది 2,000 తక్కువే గానీ, దీనికి గుండెతో పని లేదు, ఎకోతో పని లేదు, అబద్ధంతో అసలే పని లేదు. ఆధార్‌లో పుట్టిన తేదీ సరిగ్గా ఉందో లేదో చూసుకొని, వృత్తిని ధ్రువీకరించే కాగితం మత్స్యశాఖ నుంచి తీసుకొని, సచివాలయంలో కొత్త దరఖాస్తులు స్వీకరించేటప్పుడు ఇవ్వండి. పల్లెల్లో కుటుంబ ఆదాయం నెలకు 10,000 రూపాయలు దాటకూడదనీ, మాగాణి 3 ఎకరాల లోపు ఉండాలనీ షరతులు ఉన్నాయి.

గుండెకు సంబంధించి రాష్ట్ర పింఛను ఒకే ఒక్క సందర్భంలో ఉంది. గుండె మార్పిడి చేయించుకున్నవారికి, కిడ్నీ, కాలేయ మార్పిడి వారితో పాటు, నెలకు 10,000 రూపాయలు ఇస్తారు. స్టెంటుకు గానీ, బైపాసుకు గానీ అది వర్తించదు.

మందులు మాత్రం ఒక్కరోజు కూడా మానిపించకండి. ఇంట్లో ఉప్పుచేప, ఎండుచేప ఆయన కంచంలోకి రాకుండా చూడండి, ఎందుకంటే ఆ ఉప్పుకు ఒంట్లో నీరు చేరి ఆయాసం పెరుగుతుంది. పచ్చి చేపల పులుసు తినవచ్చు, ఉప్పు తగ్గించి.

ప్రశ్న: అయ్యా, నేను చీమకుర్తి దగ్గర గ్రానైటు పాలిషింగ్ ఫ్యాక్టరీలో 6 ఏళ్లుగా పని చేస్తున్నాను. వయసు 41. చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి వాల్వు చెడిపోయిందన్నారు. 5 నెలల కిందట వాల్వు మార్చారు. ఆపరేషన్ తర్వాత కాళ్లు వాచి, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని మళ్లీ చేర్చుకున్నారు. నాకు ఈఎస్ఐ, పీఎఫ్ రెండూ కట్ అవుతాయి, జీతం 15,000. ఈఎస్ఐ నుంచి 91 రోజులు డబ్బు వచ్చి ఆగిపోయింది. ఇక రాదని, రాజీనామా ఇచ్చి పీఎఫ్ తీసేసుకోమని మా సూపర్‌వైజరు అంటున్నాడు. సదరానికి వెళ్లమంటారా? – ఒక కార్మికుడు, చీమకుర్తి మండలం

సమాధానం: పై జవాబు చదివారు కాబట్టి సదరం ఎందుకు వద్దో మళ్లీ చెప్పను. మీ చేతిలో అంతకంటే మంచి దారి ఉంది. దాన్ని మూసివేసే కాగితం మీద సంతకం పెట్టమని మిమ్మల్ని అడుగుతున్నారు, పెట్టకండి.

ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా, 91 రోజులు ఇచ్చేది మామూలు అనారోగ్య భృతి. అది సగటు రోజు కూలిలో 70 శాతం. చాలామంది కార్మికులకే కాదు, యాజమాన్యాలకు కూడా తెలియని సంగతి ఏమిటంటే, కొన్ని దీర్ఘకాలిక వ్యాధులకు ఆ తర్వాత పొడిగించిన అనారోగ్య భృతి అనేది ఉంది. ఆ జాబితాలో గుండె జబ్బులకు ప్రత్యేకంగా చోటు ఉంది. గుండెపోటు వచ్చి పంపింగ్ 45 శాతం కంటే తగ్గినవారు, గుండె వైఫల్యం ఉన్నవారు, వాల్వు జబ్బు ముదిరి గుండె తట్టుకోలేని స్థితికి వచ్చినవారు, గుండె కండరం జబ్బు ఉన్నవారు, గుండె ఆపరేషన్ తర్వాత చిక్కులు వచ్చినవారు ఇందులోకి వస్తారు. మీ విషయంలో వాల్వు జబ్బూ ఉంది, ఆపరేషన్ తర్వాత నీరు చేరిన చిక్కూ ఉంది. ఈ భృతి 70 శాతం కాదు, 80 శాతం. వైద్యులు అవసరమని ధ్రువీకరిస్తూ ఉంటే గరిష్ఠంగా 2 సంవత్సరాల వరకు పొడిగిస్తారు. మీ జీతం లెక్కన రోజుకు 500 అనుకుంటే, ఇంతవరకు 350 వచ్చి ఉంటుంది, ఇకపై 400 రావాలి.

షరతులు రెండు. జబ్బు తేలిన నాటికి 2 సంవత్సరాలు ఈఎస్ఐ వర్తించే ఉద్యోగంలో ఉండాలి. అంతకు ముందరి నాలుగు చందా కాలాల్లో కలిపి కనీసం 156 రోజులకు చందా కట్టి ఉండాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒక చందా కాలం, అక్టోబరు నుంచి మార్చి మరొకటి. 6 ఏళ్లుగా పని చేస్తున్న మీకు ఇది కష్టం కాదు. యజమాని మీ వాటా కోసి కట్టకుండా ఉంచాడేమో మాత్రం ఈఎస్ఐ ఖాతాలో చూసుకోండి. ఆపరేషన్ డిశ్చార్జి కాగితం, రెండోసారి చేరినప్పటి కాగితం, తాజా ఎకో పట్టుకొని డిస్పెన్సరీ డాక్టరు దగ్గరికి వెళ్లి, వ్యాధి పేరును ఆ జాబితాలో ఉన్న మాటలతోనే రాయమని మర్యాదగా అడగండి. “హార్ట్ ఆపరేషన్” అని రెండు ముక్కల్లో రాసిన సర్టిఫికెట్టు తిరిగి రావడం నేను చూశాను. “వాల్వు మార్పిడి తర్వాత గుండె వైఫల్యం” అని రాసినది నిలబడుతుంది. అనారోగ్య భృతి తీసుకుంటున్న కాలంలో యజమాని మిమ్మల్ని తొలగించడానికి వీలు లేదన్న నిబంధన కూడా ఉంది. రాజీనామా మీ చేతనే రాయించుకోవాలని చూడడం వెనుక కారణం అదే కావచ్చు.

ఈఎస్ఐలో వైకల్య భృతి అని వేరే ఒకటి ఉంది గానీ, అది పని స్థలంలో జరిగిన ప్రమాదానికో, వృత్తి వల్ల వచ్చే జబ్బుకో ఇచ్చేది. చిన్ననాటి కీళ్లవాతం వల్ల చెడిన వాల్వుకు అది రాదు, దాని కోసం తిరగవద్దు.

ఇక పీఎఫ్. అందులో ఒక భాగం 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకానికి వెళుతుంది. ఆ పథకంలో వైకల్య పింఛను ఉంది. సదరంలా అక్కడ 21 జబ్బుల జాబితా లేదు. ఉద్యోగంలో ఉండగా, అప్పటివరకు చేస్తున్న పనికి శాశ్వతంగా, పూర్తిగా పనికిరాకుండా పోయాడా అన్నదొక్కటే అక్కడ ప్రశ్న. గుండె వల్ల పనికిరాకపోయినా అది వర్తిస్తుంది. పదేళ్ల సర్వీసు అక్కరలేదు, కనీసం ఒక నెల చందా కట్టి ఉంటే చాలు. 10-డి ఫారంలో దరఖాస్తు చేస్తే పీఎఫ్ కార్యాలయం మెడికల్ బోర్డుకు పంపుతుంది. కనీస పింఛను 1,000 రూపాయలే. అది కొంచెమే అయినా, మీ తర్వాత కుటుంబానికి కూడా పింఛను ఉంటుంది. అయితే “ఉద్యోగంలో ఉండగా” అన్న మాట గమనించండి. రాజీనామా ఇచ్చిన తర్వాత అడిగితే మీ వాదన బలహీనపడుతుంది. 10-సి ఫారం మీద పింఛను సొమ్మును ఒక్కసారిగా వెనక్కి తీసుకుంటే ఆ తలుపు పూర్తిగా మూసుకుపోతుంది.

నా సలహా అడిగితే, ఇప్పుడే వైకల్య పింఛనుకు తొందరపడకండి. కొత్త వాల్వుతో, సరైన మందులతో గుండె కోలుకొనే అవకాశం ఉంది, మీ వయసు 41 మాత్రమే. ముందు ఈఎస్ఐ భృతి వాడుకోండి. అది ముగిసేనాటికి రాయి మోసే పని చేయలేరని తేలితే, అప్పుడు 10-డి. ఈలోగా రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చే మాత్రను, దాని రక్తపరీక్షను నిర్లక్ష్యం చేయకండి.

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. గుండె లయ తప్పి, అందులో గడ్డ కట్టి, అది మెదడుకు పోయిందని చెప్పారు. 4 నెలల నుంచి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దగా వస్తోంది. ఫిజియోథెరపీ చేయిస్తే శాతం తగ్గి పింఛను రాదని, సదరం అయ్యేదాకా ఆపమని బంధువులు అంటున్నారు. – కావలి

సమాధానం: ఆ మాట చెప్పిన బంధువులు ఎవరైనా సరే, వారి సలహా వినకండి. పక్షవాతం వచ్చిన తొలి నెలల్లోనే కాలూ చెయ్యీ ఎక్కువగా తిరిగి వస్తాయి. ఆ కాలాన్ని పింఛను కోసం వదులుకొంటే, నెలకు 6,000 కోసం అమ్మ నడకను అమ్ముకొన్నట్టే. శిబిరంలో ఇలాంటి కుటుంబాలను చూసినప్పుడు నాకు కోపం వచ్చేది. తీరా చూస్తే వాళ్లకు అలా చెప్పిన మనిషి ఇంకెవరో ఉండేవాడు.

మీ అమ్మగారి విషయంలో సదరం దారి తెరిచే ఉంది. జబ్బు పుట్టింది గుండెలోనే అయినా, ఆ జబ్బు కాలూ చెయ్యీ మీద మిగిల్చిన లోపాన్ని చట్టం లెక్కలోకి తీసుకుంటుంది. నరాల సమస్యల్లో కొలవవలసింది వ్యాధిని కాదు, దాని ఫలితాన్ని అని మార్గదర్శకాలే చెబుతాయి. మామూలుగా జబ్బు వచ్చిన 6 నెలల తర్వాతే ఈ పరీక్ష చేస్తారు, కాబట్టి ఇప్పుడు స్లాటు కోసం కంగారు అవసరం లేదు. మీసేవలో గానీ సచివాలయంలో గానీ ఇంకో రెండు నెలల తర్వాతి తేదీకి చూసుకోండి. అప్పటికి సీటీ స్కాన్, డిశ్చార్జి కాగితాలు, ఫిజియోథెరపీ చేయించిన చీటీలు ఒక సంచిలో సిద్ధంగా ఉంచండి.

మాట లోపాన్ని కూడా పరీక్షించమని అడగడం మరచిపోకండి. చాలామంది చెయ్యి చూపించి ఇంటికి వచ్చేస్తారు. రెండు లోపాలు ఉంటే శాతాలను నేరుగా కూడరు, ఒక సూత్రం ప్రకారం కలుపుతారు. ఉదాహరణకు కాలూ చెయ్యీ లోపం 50, మాట లోపం 20 అయితే మొత్తం 70 కాదు, సుమారు 59. మొదటిది 35 దగ్గర ఆగిపోయినవారికి రెండోది 40 దాటించవచ్చు. సర్టిఫికెట్టు తాత్కాలికమైతే గడువు తేదీ చూసి, ముగియకముందే మళ్లీ స్లాటు తీసుకోండి. ఒకవేళ ఆమె మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైపోతే, పక్షవాతం వారికి ఇచ్చే 15,000 రూపాయల పింఛను వేరే ఉంది. అలాంటి అవసరం రాకూడదనే ఫిజియోథెరపీ ఆపవద్దంటున్నాను.

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. చుట్ట అలవాటు. కాలి రక్తనాళాలు మూసుకుపోయి బొటనవేలు తీసేశారు. నొప్పికి రాత్రిళ్లు నిద్ర లేదు. వికలాంగుల కోటాలో వస్తానా? – ఉదయగిరి మండలం

సమాధానం: రక్తనాళాల జబ్బుకు శాతం లేదు, తీసివేసిన భాగానికి ఉంటుంది. ఒక్క బొటనవేలికి వచ్చేది సుమారు 10 శాతమే, 40కి చాలా దూరం. మోకాలి కింద కాలు తీసివేస్తే 40 దాటుతుంది, కానీ ఆ అర్హత మీకు రాకూడదని కోరుకుంటున్నాను. పొగాకు వాడే మగవారిలో ఎక్కువగా కనిపించే ఒక రక్తనాళాల జబ్బులో, పొగాకు పూర్తిగా మానినవారికి కాలు నిలుస్తుంది, రోజుకు ఒక్కటే కదా అని కాల్చినవారికి నిలవదు. మీది అదేనో కాదో రక్తనాళాల సర్జనుకు చూపించి తేల్చుకోండి. చుట్ట మాత్రం ఈ ఉత్తరం చదివిన పూటే ఆపండి. కాళ్లలో ఉబ్బునరాలున్నవారు ఇద్దరు ఇదే ప్రశ్న వేశారు, వారికీ శాతం రాదు.

ప్రశ్న: మా పాపకు 6 ఏళ్లు, గుండెలో రంధ్రం ఉంది. చెన్నైలో ఆపరేషన్ చేయించుకోమన్నారు. రైలు రాయితీకి సదరం కార్డు కావాలంటున్నారు, నిజమేనా? – ఆత్మకూరు, నెల్లూరు జిల్లా

సమాధానం: నిజం కాదు. రైల్వేలో దివ్యాంగుల రాయితీ వేరు, రోగుల రాయితీ వేరు. గుండె ఆపరేషన్‌కు వెళ్లే రోగికి, తోడు వెళ్లే ఒకరికి సెకండ్ క్లాసు, స్లీపరు, థర్డ్ ఏసీల్లో 75 శాతం రాయితీ ఉంది. ఆపరేషన్ చేసే ఆసుపత్రి రైల్వే నమూనాలో ఇచ్చిన సర్టిఫికెట్టు చాలు. అది ఫోనులో బుక్ చేస్తే రాదు, నెల్లూరు స్టేషను కౌంటరులోనే తీసుకోవాలి.

చెన్నైకి డబ్బు కట్టి వెళ్లేముందు ఒక్కసారి ఆగండి. పుట్టుకతో వచ్చిన గుండె లోపాలకు 18 ఏళ్ల లోపు పిల్లలకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఉచిత చికిత్సకు వీలుంది, ఎన్టీఆర్ వైద్య సేవ (ఆరోగ్యశ్రీ) కార్డు మీద కూడా చేస్తారు. తిరుపతిలో 2021లో ప్రారంభమైన శ్రీ పద్మావతి హృదయాలయం పిల్లల గుండె జబ్బుల కోసమే ఉన్నది. ఆత్మకూరు నుంచి చెన్నై కంటే అది దగ్గర. పాప ఎకో కాగితం, ఆధార్, రేషన్ కార్డు తీసుకొని ముందు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరును కలవండి.